వెనకింటి పొగ

కొబ్బరి కోరుతుండగా మా ఆయన ఫోన్ చేశారు. నా చేతులు ఖాళీగా లేవు కాబట్టి కోడలు తెలేసియా ఫోన్ నా చెవి దగ్గర పట్టుకుంది. బుధవారం పడవకి వచ్చెయ్యమన్నారు. గురువారం కోర్టు. "నువ్వు చెప్పాల్సింది ఒక్క మాటే లోసా, కంగారు పడకు" అన్నారు. ఆ మాటేమిటో చెప్పలేదు, అది వకీలు చెబుతుందట. వచ్చేటప్పుడు తెల్ల చొక్కా, నడుముకి చుట్టుకునే బూడిద రంగు లావలావా ఇస్త్రీ చేసి తెమ్మన్నారు. రాజధాని అపియాలో ఇస్త్రీ చేసేవాళ్ళకి మడత నిలబెట్టడం రాదట. పెట్టేస్తూ మళ్ళీ "ఒక్క మాటే" అన్నారు. నేను సరేనన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయనకి నేను చెబుతున్నది కూడా ఆ ఒక్క మాటే కదా అనిపించి నవ్వొచ్చింది. తెలేసియా ఎందుకు నవ్వుతున్నారని అడిగితే ఏం లేదన్నాను.

మా ఆయన పేరు పెనియామినా. ఇంటి పెద్దకిచ్చే ఉలుపాలే అన్న బిరుదు వచ్చిన దగ్గర్నుంచి పెనియామినా అని పిలిచే ధైర్యం ఎవరికీ లేదు, నాతో సహా. ఆయన ప్రతిపక్షం మనిషి. పాలక పక్షం తరఫున నిలబడి ఉంటే మొదటిసారే గెలిచేవారని ఊరంతా అనేది. ఆ మాట వినగానే ఆయన మొండితనం ఇంకా పెరిగేది. మొదటిసారి ఓడిపోయారు. రెండోసారి గెలిచారు. చట్టసభలో ప్రతిపక్షం అంతా కలిపి ఒక బెంచీకి సరిపోయేంతమంది, ఆ బెంచీ చివర మా ఆయన. గొంతు మాత్రం మంచిది. రేడియోలో ఆయన మాట్లాడుతుంటే పక్కింటి ముసలాళ్ళు చుట్ట ఆర్పి మరీ వినేవాళ్ళు, తలలూపేవాళ్ళు, ఎన్నికలొస్తే అవతలివాళ్ళకి ఓటేసేవాళ్ళు. న్యాయంగా చెప్పాలంటే ఆయన చేసిన మంచి ఉంది. మా జిల్లా ఆసుపత్రికి డాక్టరు నెలకోసారి వచ్చి కాఫీ తాగి పోయేవాడు. ఆయన లేచి అడిగి, అడిగి, మంత్రిని విసిగించి, రెండుసార్లు సభ బయటికి గెంటించుకుని, చివరికి వారానికి మూడు రోజులు ఉండేలా చేశారు. తెలేసియా అక్కడే నర్సు. ఆ మూడు రోజుల వల్ల ఎందరు బతికారో దానికి పేరుపేరునా తెలుసు.

అపియాలో ఆయన ఎదిరిస్తే ఇక్కడ మా సాలెవైలో దెబ్బ నాకు తగిలేది. మా ఊరి పెద్దల సభలో చాలామంది పాలక పక్షం వాళ్ళే. ఊరి మాటకి ఎదురు మాట్లాడాడని, ఊరి పరువు తీశాడని ఏదో ఒకటి చెప్పి మా ఇంటికి జరిమానా వేసేవారు. జరిమానా అంటే పందులు. వాటికి మేత వేసేది నేను, పేర్లు పెట్టేది నేను, పెద్దల ముందుకి తోలుకెళ్ళి తల వంచుకు నిలబడేది నేను. ఆయన సభలో లేస్తున్నారని రేడియోలో వినగానే నా చూపు పందుల దొడ్డి వైపు పోయేది. ఒకసారి ఫోన్‌లో ఆ మాటంటే ఆయన పగలబడి నవ్వారు. బాగుంది, ఈసారి ప్రసంగంలో వాడుకుంటానన్నారు. వాడుకున్నారు కూడా. సభంతా నవ్వింది.

ఇక అసలు సంగతి. బిరుదు ఉన్నంత మాత్రాన ఎన్నికల్లో నిలబడటానికి కుదరదు. ఊరికి సేవ చెయ్యాలి, మోనోతంగా అంటాం. మూడేళ్ళు ఎక్కడా తెగకుండా చేసి ఉండాలి. ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దలంతా పాస్టరుగారితో కలిసి భోంచేస్తారు. బిరుదున్న ప్రతి ఇంటి నుంచీ తెల్లారేసరికి రాళ్ళ పొయ్యి కాల్చి, చేమదుంపలు, సీమపనస, కొబ్బరిపాలు పోసిన చేమాకు పొట్లాలు ఉడికించి పంపాలి. రాళ్ళ పొయ్యి మగవాళ్ళ పని. మా ఆయన అపియాలో, మా అబ్బాయి ఇయాకోపో మొదట చదువుకని, తర్వాత వాళ్ళ నాన్న కారు నడుపుతూ ఆయనతోనే అపియాలో. ఇంట్లో మగదిక్కు లేదు. మొదటి ఆదివారం నేను ఏం చెయ్యాలో తెలియక గుమ్మంలో నిలబడితే మా అత్తగారు మంచం మీద నుంచే అంది, "నువ్వు రాళ్ళు కాలిస్తే వాడి పరువు పోతుంది, కాల్చకపోతే వాడి బిరుదు పోతుంది. ఏది పోగొడతావో నువ్వే చూసుకో." నేను లావలావా బిగించి కట్టుకుని వెనక్కి వెళ్ళాను. అటువైపు బావి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఉలుపాలేకి మీసాలొచ్చాయి చూడవే అని ఒకావిడ అంది. పన్నెండేళ్ళ కిందటి మాట. ఆ తర్వాత ఒక్క ఆదివారం తప్పలేదు. అత్తగారు చనిపోయిన వారం కూడా తప్పలేదు.

మా భాషలో బిరుదున్నవాడి భార్యని గౌరవంగా ఒక మాటతో పిలుస్తారు. దాని అర్థం వెనకిల్లు. ఇంటికి వెనక ఉండే ఇల్లు. కొత్త పెళ్ళికూతురిగా ఈ ఊరొచ్చినప్పుడు ఆ మాట వింటే ఒళ్ళు పులకరించేది, నేనేదో ఇంత అయిపోయాననుకున్నాను. అప్పుడు నేను బడిలో పంతులమ్మని. పిల్లలకి వ్యాకరణం చెప్పేదాన్ని. నేను, నువ్వు, మేము, మనము. మా భాషలో ఇద్దరికి వేరు, అంతకన్నా ఎక్కువమందికి వేరు. మేమిద్దరం అన్నది ఒక్కటే మాట. పిల్లలు ఎప్పుడూ అక్కడే తప్పు చేసేవాళ్ళు. ఒకడు ఒంటరిగా చేసిన పనికి కూడా మేమిద్దరం అని రాసేవాళ్ళు, నేను ఎర్ర సిరాతో కొట్టేసేదాన్ని. ఆయన మొదటిసారి పోటీకి దిగినప్పుడు, ఇంటి పనీ ఊరి పనీ బడీ అన్నీ ఎలా చూస్తావు లోసా అని జాలిగా అడిగారు. అడిగిన తీరు ఎంత బాగుందంటే, ఉద్యోగం మానేసింది నేనే అని చాలా ఏళ్ళు అనుకున్నాను.

నా కుడి అరచేతిలో నాణెమంత మచ్చ ఉంది. కొబ్బరి మట్ట వంచి చేసిన పట్టకారు జారి, ఎర్రగా కాలిన రాయి చేతిలో పడింది. ఆ వారం ఆయన ఫోన్ చేసినప్పుడు చెప్పాను. అయ్యో అన్నారు, కొబ్బరినూనె రాయమన్నారు. తర్వాత నెలలో రేడియోలో ఆయన గొంతు, "అధ్యక్షా, మన ఇళ్ళ వెనక కాలిన చేతులున్నాయి. ఆ చేతుల గురించి ఈ సభ ఎప్పుడైనా మాట్లాడిందా?" అంటోంది. నేను చేమదుంపల తోలు గీకుతూ విన్నాను. ముందు గర్వంగా అనిపించింది, దాచుకోవడమెందుకు, కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. పేపర్లు ఆయన్ని మెచ్చుకున్నాయి. ఆడవాళ్ళ సంఘాలు పూలదండలు వేశాయి. ఆ వారం ఆయన ఇంటికొచ్చి, నడుం నొప్పి లేచిందని పడుకుని, టీ ఇంకా కాలేదా అని లోపల్నుంచి అడిగారు. నాకు అప్పుడు కోపం వచ్చింది. కోపంతోనే టీ ఇచ్చాను. చక్కెర సరిపోయింది అన్నారు.

మా పుట్టింటి సంగతి కూడా ఒకటి ఉంది. ఆరేళ్ళ కిందట మా పెదనాన్న పోతే ఆయన బిరుదు నాకివ్వాలని మా వాళ్ళు అనుకున్నారు. చదువుకున్నదాన్నని, నలుగురిలో మాట్లాడగలనని. అన్నయ్య ఫిలీపో పడవెక్కి వచ్చి చెప్పాడు. అక్కడికొచ్చి మూడేళ్ళు ఊరికి సేవ చేస్తే నువ్వే చట్టసభకి నిలబడొచ్చు కదే అన్నాడు. వారం రోజులు నాకు నిద్ర పట్టలేదు. పొయ్యి దగ్గర ఒక్కదాన్నే కూర్చుని అధ్యక్షా, అధ్యక్షా అని అనుకుని చూసుకున్నాను. మా ఆయన్ని అడిగాను. ఆయన వద్దనలేదు. ఆయన ఎప్పుడూ వద్దనరు. "నీ ఇష్టం లోసా, నేను అడ్డం కాదు. ఇక్కడ రాళ్ళెవరు కాలుస్తారో అది ఒక్కటి ఆలోచించు" అన్నారు. ఆలోచించాను. బిరుదు మా పినతండ్రి కొడుక్కి పోయింది. వాడు మంచివాడే, సభల్లో నిద్రపోతాడు.

ఇప్పుడు మూడోసారి ఎన్నికల్లో ఆయన చాలా తక్కువ తేడాతో గెలిచారు. ఓడినవాడు కోర్టుకెక్కాడు. ఉలుపాలే ఊరికి సేవ చెయ్యలేదు, అపియాలో కూర్చున్నాడు, కాబట్టి ఎన్నిక చెల్లదని. ఆ కాగితాల్లో ఒక వాక్యం ఉంది. 'సదరు సేవ యావత్తూ ఆయన భార్య లోసా ఒక్కతే చేసినది' అని. తెలేసియా ఆ కాగితం తెచ్చి ఇస్తే నేను నిలబడి చదివాను, కూర్చుని చదివాను, తర్వాత మడిచి చాపకింద పెట్టి, పొద్దుట మళ్ళీ తీసి చదివాను. నా పేరు అచ్చులో చూడటం అదే మొదటిసారి. పన్నెండేళ్ళలో నా గురించి నిజం చెప్పినవాడు ఒకడున్నాడు, వాడు మా శత్రువు. ఈ మాట ఎవరితో చెప్పుకోను? తెలేసియా నా మొహం చూసి కనిపెట్టేసింది. నేను చాప సర్దుతుంటే పక్కన కూర్చుని మెల్లగా అంది, "అత్తయ్యా, మీ కడుపులో ఏముందో నాకు తెలుసు. కానీ మామగారు దిగిపోతే ఆ మూడు రోజులు మళ్ళీ నెలకి ఒక రోజు అయిపోతాయి. పోయిన వారం పుట్టిన కవలలు డాక్టరు లేకపోతే బతికేవాళ్ళు కాదు." దాని మీద నాకేం కోపం రాలేదు. అది చెప్పింది కూడా నిజమే.

బుధవారం పడవెక్కాను. చొక్కా మడత చెడకుండా ఒళ్ళో పెట్టుకుని దారంతా అలాగే కూర్చున్నాను. వకీలు సెఫీనా చిన్నపిల్ల, ముప్పై ఏళ్ళుంటాయి, నాకు లేచి కుర్చీ ఇచ్చింది. ఆ పొయ్యి ఎవరు కాల్చారని అడుగుతారు అంది. "మీరు 'మేమిద్దరం' అనండి అమ్మా. ఏమడిగినా సరే, అదే మాట. 'నేను' అనొద్దు. మీరు 'నేను' అన్నారంటే కేసు అక్కడితో అయిపోతుంది."

అబద్ధం కదా అన్నాను. భార్య చేసింది భర్త చేసినట్టే, అది మన ఆచారం, ఆచారం అబద్ధమెలా అవుతుందంది. ఆ మాట అంటున్నప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. తలుపు దాకా వచ్చి సాగనంపుతూ మాత్రం, మా అమ్మది కూడా వెనకిల్లే అని చెప్పింది.

సాయంత్రం మా ఆయన నేను తెచ్చిన చేమాకు పొట్లాలు తింటూ, "ఏదీ, ఒకసారి అను" అన్నారు. మేమిద్దరం అన్నాను. "అంత మెల్లగా కాదు. నమ్మకంగా అను" అన్నారు. ఇంకోసారి అన్నాను. ఏళ్ళ తరబడి సభలో మాట్లాడుతున్న మనిషి కదా, గొంతు ఎక్కడ పైకెత్తాలో చక్కగా నేర్పించారు. నాలుగోసారికి బాగుందన్నారు. ఆయన భయపడుతున్నారని అప్పుడు తెలిసింది. చేతిలో పొట్లం సగంలోనే వదిలేశారు. పాపం అనిపించింది. ఆ జాలే నన్ను ఎప్పుడూ ముంచుతుంది.

గురువారం కోర్టులో బైబిలు మీద చెయ్యి పెట్టించారు. అవతలి వకీలు పెద్దమనిషి, నన్ను ఎంతో మర్యాదగా పలకరించాడు. మా ఊరి పెద్దలు కూడా అంత మర్యాద ఎప్పుడూ ఇవ్వలేదు. ఆదివారాలు పొయ్యి ఎవరు వెలిగించేవారని అడిగాడు. మేమిద్దరం అన్నాను. రాళ్ళు ఎవరు మోసేవారు? మేమిద్దరం. పందులకి మేత? మేమిద్దరం. మూడో మాటకి వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అతను నవ్వలేదు. కాగితాలు పక్కన పెట్టి నా దగ్గరకొచ్చాడు.

"అమ్మా, ఇందాక బైబిలు మీద నుంచి మీరు చెయ్యి తీసినప్పుడు అరచేతిలో ఏదో మచ్చ చూశాను. ఏమిటది?"

"రాయి జారింది."

"ఆ ఆదివారం ఉలుపాలేగారు ఎక్కడున్నారు?"

"అపియాలో."

"మరి కాలింది ఎవరి చెయ్యి?"

అతను నన్ను ఇరికించాలని అడగలేదేమో అనిపించింది ఆ క్షణంలో. ఎవరైనా ఒక్కరు ఈ ప్రశ్న అడగాలని నేను ఎన్ని ఆదివారాలు ఎదురుచూశానో. నోట్లో ఆ మాట తయారుగా ఉంది, నాలుక మీదే ఉంది. మా ఆయన వైపు చూశాను. ఆయన తల వంచుకుని లావలావా మడత సరిచేసుకుంటున్నారు. ఆ వేళ్ళు నున్నగా, శుభ్రంగా ఉన్నాయి. వెనక బెంచీలో ఇయాకోపో. వాడి పక్కన సెలవు పెట్టి పొద్దుటి పడవకి వచ్చిన తెలేసియా, నర్సు బట్టల్లోనే. దాని రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. కవలలు గుర్తొచ్చారు. నేను ఎటూ కదల్లేనని తెలిసిపోయింది.

"మా ఇద్దరి చెయ్యి" అన్నాను.

ఈసారి హాలంతా నవ్వింది. జడ్జిగారు కూడా పెదవి బిగించుకున్నారు. నవ్వు తగ్గాక రాసుకున్నారు. ఒకప్పుడు బడిలో ఎర్ర సిరాతో కొట్టేసిన తప్పు నేనే చెప్పాను, అది రికార్డుకెక్కింది.

రెండు వారాలకి తీర్పు వచ్చింది. కేసు కొట్టేశారు. భార్య సాక్ష్యం స్పష్టంగా ఉన్నదనీ, ఊరికి జరిగిన సేవ ఉలుపాలే సేవేననీ, అందులో అనుమానానికి తావులేదనీ రాశారు. ఊళ్ళో విందు చేశాం. మూడు పందులు పోయాయి, వాటిలో ఒకదానికి నేను రాణి అని పేరు పెట్టుకున్నాను. మా ఆయన లేచి దేవుడికి, పాస్టరుగారికి, పార్టీకి, వకీలుకి కృతజ్ఞతలు చెప్పి, చివర్లో నా వెనకింటికి కూడా అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెనక గిన్నెలు కడుగుతూ విన్నాను. ఫిలీపో అన్నయ్య విందుకి కానుకగా చాపల కట్ట మోసుకొచ్చి నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు. పినతండ్రి కొడుకు జబ్బుపడ్డాడట, బిరుదు వదులుకుంటానంటున్నాడట. మన ఊరి పెద్దలు మళ్ళీ నీ పేరెత్తారు అని చెప్పి ఆగాడు. చేతిలో గిన్నె కింద పెట్టాను.

"లోసా ఆ ఊళ్ళో పన్నెండేళ్ళు సేవ చేసింది, అది లెక్కలోకి తీసుకోండి అన్నాను" అన్నాడు. "తీర్పు పడ్డ పేపర్ తీసి చూపించారే. ఆ సేవ ఉలుపాలేదేనని నీ ప్రమాణం మీదే రాశారు కదా."

అన్నయ్య నన్ను తప్పుపట్టలేదు. కడిగిన పళ్ళెం ఒకటి తీసుకుని తుడుస్తూ కూర్చున్నాడు. మగవాడు పళ్ళెం తుడుస్తున్నాడని ఎవరో నవ్వితే కూడా మానలేదు. నాకు ఏడుపు రాలేదు. ఏడవటానికి కూడా ఆ పన్నెండేళ్ళు నావై ఉండాలేమో. ఇంకా గిన్నెలు చాలా మిగిలి ఉన్నాయి.

మా ఆయన, ఇయాకోపో సోమవారం అపియా వెళ్ళిపోయారు. ఆ తర్వాతి ఆదివారం నేను లేవకూడదని అనుకున్నాను. అంతే. ఎవరితోనూ గొడవ లేదు, ఎవరికీ చెప్పేది లేదు. కోళ్ళు కూశాయి, నేను చాప మీద కళ్ళు తెరుచుకుని పడుకున్నాను. ఒక్క ఆదివారం తప్పినా మూడేళ్ళ లెక్క తెగిపోతుంది. కొద్దిసేపట్లో వెలుతురొస్తుంది, అన్ని ఇళ్ళ వెనకనుంచీ పొగ లేస్తుంది, మా ఇంటి వెనక లేవదు. ఊరంతా చూస్తుంది. ఎవరేమన్నా నేను కోర్టులో చెప్పిందే చెబుతాను, ఇవాళ మేమిద్దరం కాల్చలేదని. తలుచుకుంటే భయంగానూ ఉంది, చాలా ఏళ్ళ తర్వాత సంతోషంగానూ ఉంది. దుప్పటి మీదికి లాక్కున్నాను.

అప్పుడు పొగ వాసన వచ్చింది. పక్కింటిది కాదు, మా కొబ్బరి పీచు వాసన నాకు తెలుసు. లేచి వెనక్కి పరిగెత్తాను. తెలేసియా ఆసుపత్రి నుంచి వచ్చిన బట్టలతోనే పొయ్యి ముందు కూర్చుని ఉంది. రాళ్ళు ఎర్రగా కాలాయి. పట్టకారు తలకిందులుగా పట్టుకుంది. మణికట్టు మీద అప్పుడే లేచిన పొక్కు.

"మీరు పడుకున్నారని లేపలేదు అత్తయ్యా" అంది. "మామగారి వంతు తప్పిపోతుందని."

రాళ్ళు తన్నేద్దామనిపించింది. కాలు లేవలేదు. వాటిని తంతే ఏమవుతుంది, వచ్చే ఆదివారం ఈ పిల్ల ఇంకా ముందు లేస్తుంది. దాని పక్కన కూర్చున్నాను. దాని చెయ్యి తీసుకుని చల్లటి నీళ్ళు పోశాను. పట్టకారు తిప్పి పట్టుకోవడం చూపించాను, రాయిని ఎక్కడ పట్టాలో, ఎలా దొర్లించాలో. అది త్వరగా నేర్చుకుంది. నేను ఇంతకన్నా చెయ్యగలిగింది ఏమైనా ఉందా అని ఇప్పటికీ ఆలోచిస్తాను. ఇయాకోపోకి కూడా వచ్చే ఏడు చిన్న బిరుదు ఏదో ఇవ్వాలని మా ఆయన మాట్లాడుతున్నారు.

దుంపలు సర్ది, అరటాకులు కప్పాక అడిగాను, రేపు ఈ పొయ్యి ఎవరు కాల్చారని ఎవరైనా అడిగితే ఏం చెబుతావని.

"తెలుసు కదా అత్తయ్యా" అంది చెమట తుడుచుకుంటూ. "ఇయాకోపో, నేనూ. మేమిద్దరం."

"కాదు. నేను అని చెప్పు."

అది నా మొహంలోకి చూసింది. పొగకి దాని కళ్ళు ఎర్రబడ్డాయి, నావీ అంతే అయ్యుంటాయి. అవతల బావి దగ్గరికి ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు.

"ఏదీ, ఒకసారి అను" అన్నాను.

"నేను" అంది తెలేసియా.

"అంత మెల్లగా కాదు" అన్నాను.